తిరిగొచ్చిన పిల్లాడు

"పోయిన పిల్లాడు ఇంటికొచ్చేశాడుగా! ఇంకేం మిగిలిందని రెండోది తీశారూ?"

మా అత్తయ్య వేసిన ప్రశ్న ఇది. వేసవి సెలవుల్లో మావాడు టీవీలో నెట్‌ఫ్లిక్స్ పెట్టి 'స్ట్రేంజర్ థింగ్స్' మొదటి సీజన్ ఎనిమిది భాగాలూ మా చేత చూపించేశాడు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. తెర కింద వచ్చే అక్షరాలూ ఇంగ్లీషే. అయినా ఒళ్ళో గోరుచిక్కుళ్ళ పళ్ళెం పెట్టుకుని, ఈనెలు తీస్తూ, ఒక్క భాగం వదలకుండా చూశారు. మధ్యలో నేను అర్థం చెప్పబోతే "ఆ తల్లి మొహం చూస్తే తెలీడం లేదూ? నువ్వు ఊరుకోమ్మా" అని నన్నే కసిరారు.

ఈ సీరియల్ పేరు వినని ఇల్లు ఈ రోజుల్లో తక్కువే. మీ ఇంట్లో పదోతరగతి వయసు పిల్లలుంటే వాళ్ళ చొక్కా మీదో, స్కూలు బ్యాగు మీదో ఆ ఎర్ర అక్షరాలు మీరు చూసే ఉంటారు. 2016 జూలైలో మొదలైన ఈ కథ ఐదు సీజన్లు నడిచి 2025 డిసెంబర్ 31న ముగిసింది. ఐదూ చూసినవాళ్ళని అడగండి, ఒక్కొక్కరూ ఒక్కోటి బాగుందంటారు. యుద్ధాలూ, పేలుళ్ళూ కావాలంటే తర్వాతవే చూడాలి. నాకు మాత్రం రెండోదే మనసులో ఉండిపోయింది. ఎందుకో చెప్పాలంటే ముందు కథ కాస్త చెప్పుకోవాలి. చూడనివాళ్ళకి రెండో సీజన్ గుట్టు కొంత బయటపడిపోతుంది, ఏమీ అనుకోకండి.

అమెరికాలో ఇండియానా రాష్ట్రం. అందులో హాకిన్స్ అనే చిన్న ఊరు. రాష్ట్రం నిజం, ఊరు కల్పితం. సినిమా తీసిందేమో జార్జియా రాష్ట్రంలో. 1983 నవంబర్‌లో ఒక రాత్రి విల్ అనే పన్నెండేళ్ళ కుర్రాడు స్నేహితుడింట్లో ఆడుకుని సైకిలు మీద ఇంటికొస్తూ మాయమైపోతాడు. ఆ ఊరి చివర సర్కారు వారి ప్రయోగశాల ఒకటుంది. అక్కడ చేసిన పాడు పనుల వల్ల మన లోకానికీ ఇంకో లోకానికీ మధ్య గోడ చిరిగి, ఒక ద్వారం తెరుచుకుంటుంది. అవతలిది మన ఊరు లాంటి ఊరే గానీ చీకటి, బూజు, చలి. పిల్లలు దానికి 'తలకిందుల లోకం' అని పేరు పెట్టుకుంటారు. విల్ అందులో చిక్కుకుంటాడు. వాళ్ళమ్మ జాయిస్ ఒక కిరాణా దుకాణంలో గుమస్తా. మొగుడు ఎప్పుడో వదిలేసి పోయాడు. గోడ మీద అక్షరాలు రాసి, రంగు రంగుల క్రిస్మస్ దీపాలు వేలాడదీసి, అవి వెలుగుతుంటే కొడుకు మాట్లాడుతున్నాడని నమ్ముతుంది. ఊరంతా పిచ్చిదంటారు. ఆ పిచ్చిదే కొడుకుని వెనక్కి తెచ్చుకుంటుంది. తోడుగా పోలీసు అధికారి హాపర్, విల్ స్నేహితులు, ప్రయోగశాల నుంచి తప్పించుకొచ్చిన గుండు పిల్ల. పేరు కూడా లేని పిల్ల. చేతి మీద పచ్చబొట్టు పొడిచిన అంకె పదకొండు, అదే పేరు... ఎలెవెన్. తలుచుకుంటే వస్తువులు కదిలిస్తుంది, ముక్కులోంచి రక్తం కారుతుంది. ఆఖర్న అందరినీ కాపాడి తను కనబడకుండా పోతుంది.

అయిపోయింది. పిల్లాడు దొరికాడు. మా అత్తయ్య అన్నట్టు ఇంకేముంది?

ఉన్నదంతా అక్కడే ఉందండీ.

ఏడాది తర్వాత

2017 అక్టోబర్ 27న రెండో సీజన్ తొమ్మిది భాగాలూ ఒకేసారి విడుదలయ్యాయి. కథలో కాలం 1984 అక్టోబర్ నెలాఖరు. అంటే పిల్లాడు తిరిగొచ్చి ఇంచుమించు ఏడాది. విల్ మళ్ళీ బడికి వెళ్తున్నాడు, స్నేహితులతో వీడియో గేములు ఆడుతున్నాడు. చూసేవాళ్ళకి అంతా మామూలే. కానీ ఉన్నట్టుండి వాడి కళ్ళ ముందు ఆ చీకటి లోకం మెరిసి పోతుంటుంది. బడిలో బీరువా తలుపు తెరిస్తే 'జాంబీ బాయ్' అని రాసిన కాగితం. అంటే చచ్చి లేచొచ్చిన కుర్రాడని వెక్కిరింపు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆపద జరిగి ఏడాది కావొస్తోంది కదా, ఇలాంటప్పుడు పాత భయాలు తిరగబెడతాయి, మామూలుగా ఉండండి, వాణ్ణి తవ్వి తవ్వి అడక్కండి అంటాడాయన.

మామూలుగా ఉండండి! ఎంత తేలిగ్గా అనేశాడో చూడండి.

నాలుగేళ్ళ క్రితం మావాడు ఆరో తరగతిలో ఉండగా డెంగ్యూ వచ్చింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ప్లేట్‌లెట్ల అంకె రోజూ పొద్దునా సాయంత్రం కాగితం మీద రాసుకునేదాన్ని. ఐదో రోజు ఆ అంకె చూసి మావారు వరండాలోకి వెళ్ళిపోయారు, నా ఎదుట నిలబడలేక. సరే, గండం గడిచింది. ఇంటికొచ్చాం. అత్తయ్య దిష్టి తీశారు, వెంకన్నకి మొక్కు చెల్లించాం. అందరూ వచ్చి చూసి "పోన్లే, పిల్లాడు దక్కాడు" అని వెళ్ళిపోయారు. వాళ్ళ వరకూ కథ అయిపోయింది.

నాకు కాలేదు. ఏడాది పాటు ప్రతి సాయంత్రం వాడి నోట్లో థర్మామీటరు పెట్టాను. నిద్రపోతుంటే రాత్రి రెండింటికి లేచి నుదురు తాకి చూసేదాన్ని. వానాకాలమంతా ఆటకి పంపలేదు. స్కూలు వాళ్ళు విహారయాత్రకి తీసుకెళ్తామంటే సంతకం పెట్టలేదు. వాడు తుమ్మితే చాలు, నా గుండె జారిపోయేది. వాడు అడిగేవాడు కాదు, నోరు తెరిచి థర్మామీటరు పెట్టించుకునేవాడు. బుద్ధిమంతుడని మురిసిపోయాను.

రెండో సీజన్ మొదట్లోనే ఒక చోట విల్ వాళ్ళన్నయ్య జొనాథన్‌తో అంటాడు. అందరూ నన్ను పగిలిపోయే వస్తువుని చూసినట్టు చూస్తున్నారు, పసిపిల్లాణ్ణి చేసేస్తున్నారు, దాంతో నాకు ఇంకా వింతగా ఉంటోందని. ఆ మాట వచ్చినప్పుడు మావాడు నా వైపు చూడలేదు. కావాలనే చూడలేదని నాకు తెలిసిపోయింది. నేను వంటింట్లో పనున్నట్టు లేచి వెళ్ళాను.

మంచి సలహా

ఈ సీజన్‌లో జాయిస్‌కి ఒక స్నేహితుడు కుదురుతాడు. పేరు బాబ్. రేడియో షాక్ అనే ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో పని. బొద్దుగా, నవ్వుతూ, కాస్త అమాయకంగా ఉంటాడు. ఆ మనిషిని చూస్తే ఎవరికైనా నచ్చుతాడు. అత్తయ్యకైతే మరీను, "ఈ అబ్బాయినే చేసుకోమను" అని తీర్మానించేశారు. ఒక రోజు కారులో వెళ్తూ విల్‌కి తన చిన్నప్పటి సంగతి చెప్తాడు. తిరనాళ్ళలో చూసిన ఒక విదూషకుడు రోజూ కలలోకొచ్చి భయపెట్టేవాడట. చివరికి ఒక రాత్రి పారిపోకుండా నిలబడి, పొమ్మని గట్టిగా అరిచాడట. అంతే, మళ్ళీ ఆ కల రాలేదట.

ఎంత చక్కటి సలహా! మనం పిల్లలకి రోజూ చెప్పేది ఇదేగా. "భయపడకు, ఎదురు తిరుగు, ధైర్యంగా ఉండు." పిల్లాడు నమ్మాడు. ఆ చీకటి లోకంలో కొండంత నీడ తన మీదికి వచ్చినప్పుడు పరుగెత్తకుండా నిలబడి పొమ్మని అరిచాడు. అది పోలేదు. వాడి నోట్లోంచి, ముక్కులోంచి, కళ్ళలోంచి లోపలికి దూరిపోయింది.

నేను చూసిన భయానక దృశ్యాల్లో దీన్ని మించింది లేదు. నీడని చూసి కాదు. ప్రేమతో చెప్పిన మంచి మాట పిల్లాడి కొంప ముంచడం చూసి. తప్పెవరిది? బాబ్‌ది కాదు. వాడికొచ్చింది తనకొచ్చిన లాంటి పీడకలే అనుకున్నాడు, పాపం. పిల్లాడు నిజం పెద్దవాళ్ళెవరికీ పూర్తిగా చెప్పలేదు. చెప్తే అమ్మ ఇంకా బెంగ పెట్టుకుంటుందని.

మరి జాయిస్ ఏం చేసింది? ఇక్కడే తల్లి కన్ను ఎలాంటిదో చూపించారు. పండగనాడు పిల్లాడు తీసిన వీడియో టేపు చూస్తూ, బొమ్మ చెదిరి గీతలు పడిన చోట ఆపి, కాగితం పెట్టి గీసుకుంటుంది. కొడుకు అంతకు ముందు గీసిన రాక్షసి బొమ్మా, ఈ గీతలూ ఒకటే! పిల్లాడి ఒళ్ళు చూస్తే మామూలు కంటే చల్లబడి ఉంటుంది. వేడి నీళ్ళు పోస్తానంటే వద్దంటాడు, 'వాడికి' చల్లదనం ఇష్టం అంటాడు. ఆ 'వాడు' ఎవరో ఆ తల్లి వెంటనే పట్టేస్తుంది. జ్వరం వస్తేనే ప్రమాదమనుకునే నాబోటిదానికి ఒళ్ళు చల్లబడడం చూస్తే వణుకొచ్చింది.

పిల్లాడు మాటలతో చెప్పలేక రంగు పెన్సిళ్ళతో కాగితాల మీద పిచ్చి గీతలు గీస్తూ పోతాడు. వందలకొద్దీ కాగితాలు. వాటిని ఇల్లంతా, నేల మీదా గోడల మీదా అతికిస్తుంది తల్లి. మొదటి సీజన్‌లో దీపాలతో నింపిన ఇల్లే, ఇప్పుడు కాగితాలతో నిండిపోతుంది. ఆ గీతలు ఊరి కింద భూమిలో పాకుతున్న సొరంగాలని, అదంతా ఊరి పటమని కనిపెట్టేది అమాయకుడనుకున్న ఆ బాబే. ఊళ్ళో గుమ్మడి పంటంతా రాత్రికి రాత్రి కుళ్ళిపోతే రైతులు ఒకళ్ళ మీద ఒకళ్ళు అనుమానపడి పోట్లాడుకుంటుంటారు. అసలు తెగులు వేళ్ళ కింద ఉంది. ఏ పల్లెటూరివాళ్ళకైనా ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

తాళం వేసిన ప్రేమ

ఇంకో ఇంటికి వెళ్దాం. అడవిలో చెక్క గుడిసె. అందులో హాపర్, ఎలెవెన్. కనబడకుండా పోయిన ఆ పిల్లని హాపర్ తెచ్చి దాచాడు. సర్కారు మనుషులు ఎత్తుకుపోతారని భయం. బయటికి రాకూడదు, తెర తొలగించకూడదు, తను రహస్యంగా తట్టిన చప్పుడుకి తప్ప తలుపు తియ్యకూడదు. రోజంతా టీవీ చూడ్డం, రాత్రి ఆయనొచ్చాక ఒక కొత్త మాట నేర్చుకోవడం. ఎప్పుడు వెళ్ళొచ్చు అంటే 'త్వరలో' అంటాడు. ఆ పిల్ల ఎన్ని రోజులైందో లెక్కపెట్టుకుంటుంది. అవతల ఆమె స్నేహితుడు మైక్ కూడా లెక్కపెడుతుంటాడు. ఎక్కడుందో తెలియని పిల్లని 353 రాత్రులు వాకీటాకీలో పిలుస్తాడు. ఆమెకి అన్నీ వినబడతాయి, పలకడానికి లేదు.

హాపర్ చెడ్డవాడు కాదు. ఆయన సొంత కూతురు సారా క్యాన్సర్‌తో పోయింది. ఒకసారి పోగొట్టుకున్నవాడు రెండోసారి పిడికిలి మరీ గట్టిగా బిగిస్తాడు. ఓ రోజు ఆ పిల్ల చెప్పకుండా బయటికెళ్ళి వస్తుంది. ఇంట్లో గొడవ. ఆయన అరుస్తాడు, టీవీ తీగ పీకేస్తాడు. ఆ పిల్ల అరిచిన అరుపుకి కిటికీ అద్దాలన్నీ పగిలిపోతాయి. వయసొచ్చిన ఆడపిల్లా తండ్రీ ఉన్న ఏ ఇంట్లోనైనా జరిగే పోట్లాటే ఇది, అద్దాలొక్కటే తేడా. మా అమ్మ నన్ను డిగ్రీలో చేర్పించడానికి పక్క ఊరు పంపను పొమ్మన్నప్పుడు నేను కూడా గిన్నెలు విసిరేశాను. అద్దాలు పగలగొట్టే శక్తి నాకు లేదు కాబట్టి సరిపోయింది. చివరికి మేనమామ వచ్చి నచ్చజెప్పాడు, డిగ్రీ చదివాను.

ఈ హాపర్, జాయిస్ ఇద్దరూ ఒకే మనిషికి రెండు వైపుల్లా అనిపించారు నాకు. ఒకళ్ళు పిల్లాణ్ణి కళ్ళతో కాస్తారు, ఇంకొకళ్ళు తాళంతో కాస్తారు. కళ్ళతో కాసే ఆమెకే బిడ్డ లోపల ఏముందో తెలిసింది. తాళం వేసినాయన బయట ఉండగానే గుడిసె ఖాళీ అయిపోయింది.

ఆ పిల్ల నేరుగా కన్నతల్లి దగ్గరికెళ్తుంది. తల్లి పేరు టెర్రీ. ఆమె కుర్చీలో ఊగుతూ ఎటో చూస్తూ, సంబంధం లేని ఐదారు మాటలే పొద్దస్తమానం వల్లిస్తూ ఉంటుంది. ఎలెవెన్ ఆమె మనసులోకి వెళ్ళి చూస్తే ఒక్కో మాటా ఒక్కో జ్ఞాపకం. ప్రసవం నాటి గదిలో ఊపిరి తియ్యమన్న గొంతు, బిడ్డని దాచిన గదిలోని ఇంద్రధనుస్సు బొమ్మ, తుపాకి ఉన్న పెట్టె తాళానికి తిప్పాల్సిన అంకెలు, ఆఖర్న తన తలకి పెట్టిన కరెంటు ఎంతో ఆ సంఖ్య. పుట్టిన బిడ్డ చచ్చిపోయిందని ఆమెకి చెప్పారు. ఆమె నమ్మలేదు. బిడ్డ కోసం వెళ్తే కరెంటు పెట్టి మనసు చెడగొట్టారు. ఊహించినదే గానీ, దీని వెనకాల నిజం కొంత ఉంది. అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. 1953లో 'ఎం.కె. అల్ట్రా' పేరుతో మనుషుల మీద మత్తుమందుల ప్రయోగాలు మొదలుపెట్టింది, చాలామందికి తెలియకుండానే. 1973లో కాగితాలు నాశనం చేయించారు. 1975లో విషయం బయటపడింది. కథలో టెర్రీ అలాంటి ప్రయోగాలకి ఒప్పుకున్న విద్యార్థిని.

ఏడో భాగంలో ఎలెవెన్ షికాగో వెళ్ళి తనలాంటి ఇంకో పిల్లని కలుస్తుంది. చేతి మీద అంకె ఎనిమిది. పేరు కాళి! లేని దాన్ని ఉన్నట్టు కళ్ళకి చూపించగలదు. కథలో ఆ పిల్ల లండన్‌లో తప్పిపోయిన భారతీయ బాలిక. వేసిన నటి లినియా బెర్థెల్సెన్ కూడా మన దేశంలో పుట్టి, డెన్మార్క్ వాళ్ళ పెంపకంలో పెరిగిన అమ్మాయే. ఈ భాగం చాలామందికి నచ్చలేదు. ఊరూ, స్నేహితులూ అందరూ ఆపదలో ఉండగా కథ ఒక్కసారి ఎక్కడికో వెళ్ళిపోయిందని అప్పట్లో విమర్శలొచ్చాయి. నాకూ ఆ ముఠా, ఆ రంగుల జుట్లూ అతికించినట్టే అనిపించాయి. కానీ నా ఫిర్యాదు వేరు. ఎలెవెన్ తల్లి కోసం అంతసేపు ఏడిపించారు కదా, మరి ఈ కాళి తల్లి ఏమైంది? లండన్‌లో ఏ ఇంట్లో ఏ భారతీయ తల్లి గుమ్మం వైపు చూస్తూ కూర్చుందో ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. పదేళ్ళుగా ఆ బిడ్డ కోసం దీపాలు వేలాడదీసినవాళ్ళు ఉండరా? మా అత్తయ్య కూడా అదే అడిగారు. "ఆ నల్లపిల్లకి అమ్మా నాన్నా లేరా?" నా దగ్గర జవాబు లేదు.

చూడని కాలం మీద బెంగ

ఈ సీరియల్‌ని అందరూ పాత జ్ఞాపకాల సీరియల్ అంటారు. క్యాసెట్లు, వాకీటాకీలు, బోలెడంత జుట్టు, తీగ ఉన్న ఫోను. నాకు నవ్వొచ్చే సంగతేమిటంటే దీన్ని సృష్టించిన డఫర్ సోదరులు, మ్యాట్, రాస్, కవలలు, పుట్టిందే 1984లో! వాళ్ళు బెంగపడుతున్నది తాము చూడని కాలం మీద, ఆ కాలపు సినిమాల మీద. అందుకే ఆనాటి నటుల్ని ఏరి తెచ్చుకున్నారు. జాయిస్‌గా వేసిన వినోనా రైడర్ ఎనభైల చివర్లో కుర్రకారుకి ఆరాధ్య నటి. బాబ్‌గా వేసిన షాన్ ఆస్టిన్ 1985లో వచ్చిన పిల్లల సాహస చిత్రం 'గూనీస్'లో చిన్న కుర్రాడు. మనకి నిన్నటి హీరోయిన్ అమ్మ వేషంలో కనబడితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. బాబ్ పనిచేసే రేడియో షాక్ నిజంగా ఉన్న దుకాణమే. 2015లో దివాలా తీసింది. ఈ సీజన్ వచ్చేనాటికి అమెరికావాళ్ళకి ఆ బోర్డు చూస్తేనే గతం గుర్తొచ్చి ఉంటుంది.

అయితే పాతకాలమంతా బంగారమని కూడా చెప్పలేదు. పండగకి నలుగురు పిల్లలూ 1984లో వచ్చిన 'ఘోస్ట్‌బస్టర్స్' సినిమా వేషాలు వేసుకుంటారు. మైక్, లూకస్ ఇద్దరూ ఒకే పాత్ర వేసుకొస్తారు. నువ్వు విన్‌స్టన్ అవ్వాలి కదా అంటాడు మైక్. ఆ సినిమాలో విన్‌స్టన్ నల్లజాతి మనిషి, లూకస్ కూడా నల్లపిల్లాడు. ఎందుకవ్వాలి అని లూకస్ నిలదీస్తే మైక్ నీళ్ళు నములుతాడు. అర నిమిషం సన్నివేశం, ఎంత చెప్పిందో!

కొత్తగా వచ్చిన మ్యాక్స్ అనే పిల్ల ఇంట్లో ఇంకో రకం చీకటి. సవతి తండ్రి తన కొడుకు బిల్లీని చెంప మీద కొడతాడు. ఆ బిల్లీ మ్యాక్స్ మీద విరుచుకుపడతాడు. మ్యాక్స్ తల్లి పక్కనే నిలబడి, ఏమీ జరగనట్టు సర్దుకుపోతుంది. ఆ ఇంటికి తలకిందుల లోకం నుంచి ఎవరూ రానక్కర్లేదు. మైక్ వాళ్ళమ్మ కథ ఇంకోటి. భర్త ఎప్పుడూ కుర్చీలో నిద్ర, కొడుకూ కూతురూ రాక్షసులతో యుద్ధంలో, ఆవిడేమో కొవ్వొత్తులు వెలిగించుకుని నీళ్ళ తొట్టెలో పడుకుని ప్రేమ నవల చదువుకుంటూ ఉంటుంది. నవ్వొచ్చింది నాకు. తర్వాత మధ్యాహ్నం పూట పత్రిక పట్టుకున్న నా చేతుల్ని నేనే చూసుకున్నాను.

భయపెట్టే కథలు మనకేమీ కొత్త కాదు. అత్తయ్య కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో యండమూరి 'తులసిదళం' సీరియల్‌గా చదివి, రాత్రి పెరట్లోకి వెళ్ళాలంటే మావయ్యని తోడు లేపేవారట. చిన్నపిల్ల మీద ప్రయోగం, తల్లిదండ్రుల ఆరాటం. దానికీ 'తులసి' అని రెండో నవల వచ్చింది. "అందులోనూ పిల్ల బతికినా బెంగ తీరలేదమ్మాయ్" అన్నారావిడ. మొదట్లో వేసిన ప్రశ్నకి జవాబు ఆవిడే చెప్పుకున్నారు.

పాకలో మాటలు

ఎనిమిదో భాగం గురించి చెప్పకపోతే తోచదు. పిల్లాడి లోపల ఉన్నది పూర్తిగా వాణ్ణి ఆక్రమించేసింది. ఎక్కడున్నాడో దానికి తెలియకూడదని ఇంటి వెనక పాకలో గోడలకి అట్టలూ గుడ్డలూ కప్పి, వాణ్ణి కుర్చీకి కట్టి కూర్చోబెడతారు. మంత్రం లేదు, తంత్రం లేదు. ముగ్గురు చుట్టూ కూర్చుని పాత సంగతులు చెప్తారంతే. వాడి ఎనిమిదో పుట్టినరోజుకి తను కొనిపెట్టిన 120 రంగుల పెట్టె గురించి తల్లి చెప్తుంది. దాంతో వాడు ఏ సినిమాలోదీ కాని, తన ఊహలోంచి వచ్చిన ఇంద్రధనుస్సు ఓడ గీశాడట. దాన్ని తీసుకెళ్ళి తన దుకాణంలో గోడకి పెట్టుకుందట. తండ్రి వదిలేసి పోయిన రాత్రి వానలో ఇద్దరం కట్టుకున్న ఆటగుడిసె గురించి అన్న చెప్తాడు. బడిలో మొదటి రోజు ఊయల మీద ఒంటరిగా ఉన్న నిన్ను స్నేహితుడిగా ఉంటావా అని అడిగాను, అంతకంటే మంచి పని నేను చెయ్యలేదు అంటాడు మైక్. పిల్లాడి మొహంలో ఏ మార్పూ లేదు. కానీ వేలు కుర్చీ మీద టక్ టక్ మని కొడుతోంది. హాపర్ గుర్తుపడతాడు, తంతి భాష. ద్వారం మూసెయ్యండి అని చెప్తోంది ఆ వేలు.

మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. గోరుచిక్కుళ్ళు ఎప్పుడో అయిపోయాయి, అత్తయ్య ఖాళీ పళ్ళెం పట్టుకుని ఉన్నారు.

పాపం బాబ్ అప్పటికే పోయాడు. ప్రయోగశాలలో కరెంటు పోతే, తాళాలు తెరవడం తనొక్కడికే తెలుసని చీకట్లోకి వెళ్ళి, అందరినీ బయటపడేసి, గుమ్మం దాకా వచ్చి జాయిస్ కళ్ళ ముందే ఆ మృగాలకి చిక్కాడు. ఏడ్వడానికి కూడా ఆమెకి తీరిక లేదు. కొడుకు మిగిలాడు. చివర్లో ఆ నీడని తరిమెయ్యాలంటే పిల్లాణ్ణి వేడి చెయ్యాలి. మంచానికి కట్టేసి చుట్టూ హీటర్లు పెడుతుంది. పిల్లాడు గిలగిల కొట్టుకుంటాడు, అన్న చూడలేక ఇక ఆపమ్మా అని ఏడుస్తాడు. జాయిస్ ఆపదు, ఇంకా పెంచుతుంది. సీజన్ అంతా పువ్వులా చూసుకున్న తల్లి! పిల్లాడికి నొప్పి కలగకుండా చూడ్డం ఒకటి, పిల్లాణ్ణి బతికించుకోవడం ఒకటి అని ఆమెకి ఆ గదిలో తెలిసింది. మావాడికి సూదులు గుచ్చుతుంటే చేతులు పట్టుకోమని నర్సు అంటే నేను పట్టుకున్న రోజు గుర్తొచ్చింది.

ఎలెవెన్ తిరిగొచ్చి ద్వారం మూసేస్తుంది. అక్కడికి వెళ్తూ కారులో హాపర్ చచ్చిపోయిన కూతురి సంగతి మొదటిసారి చెప్పుకుని, భయంతోనే నిన్ను కట్టేశానని ఒప్పుకుంటాడు. పెద్దవాళ్ళు పిల్లల దగ్గర తప్పు ఒప్పుకోవడం సినిమాల్లో కూడా అరుదే. తర్వాత డాక్టరు జనన ధ్రువపత్రం తెచ్చిస్తాడు. జేన్ హాపర్. అంకె పోయి పేరొచ్చింది. ఇంకో ఏడాది బయటికి పంపకుండా ఉంటే మంచిదంటాడు డాక్టరు. ఒక్క రాత్రికి అంటాడు హాపర్. ఆ ఒక్క రాత్రి బడిలో నాట్యాల పండగ. ఆ పిల్ల చేతికి హాపర్ కూతురి నీలం రంగు బ్యాండు. లోపల పిల్లలు ఆడుతుంటే బయట చలిలో జాయిస్, హాపర్ నిలబడి ఒకే సిగరెట్టు పంచుకుంటారు. లోపలికి తొంగి చూడరు. తెర తలకిందులవుతుంది. అవతలి లోకంలో ఆ కొండంత నీడ అదే బడి మీద నిలబడి ఉంది. వాళ్ళకి తెలీదు.

తొమ్మిదో భాగం అయ్యేసరికి రాత్రి పదకొండు దాటింది. మావాడు టీవీ కట్టేసి, చాపలు పరుస్తూ, ఏదో మామూలుగా అన్నట్టు అన్నాడు. "అమ్మా, ఆ థర్మామీటరు పెట్టినప్పుడల్లా జ్వరం ఉంటే బాగుండుననుకునేవాణ్ణి తెలుసా? ఉంటే కనీసం నువ్వు రోజూ వెతికేది దొరికినట్టుండేది."

ఏమనాలో తెలియలేదు. "ఏమోరా, భయమేసేది" అన్నాను. "నాకూ వేసేది. నీకు చెప్తే ఇంకా భయపడతావని చెప్పలేదు" అన్నాడు. ఇద్దరం కాసేపు అలా దుప్పట్లు మడతలు విప్పుతూ ఉండిపోయాం.

జూలైలో వాళ్ళ స్కూలు వాళ్ళు అరకు తీసుకెళ్తున్నారట, మూడు రోజులు. కాగితం తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాడు, అడగలేదు. వానలు, దోమలు, అక్కడి నీళ్ళు... అన్నీ తలలో తిరిగాయి. సంతకం పెట్టి, దోమల మందు ట్యూబు కూడా ఆ కాగితం మీద పెట్టాను. ట్యూబు చూసి నవ్వాడు, గానీ సంచిలో వేసుకున్నాడు.

"వాడు అరకు వెళ్ళేలోపు మూడోది కూడా పెట్టెయ్యమనమ్మాయ్" అంటున్నారు అత్తయ్య. "ఆ పోలీసాయన, ఆ తల్లి ఏమైనా ఒక దారిలో పడతారేమో చూద్దాం."